పొడి పొడితోనూ చర్య జరుపుతుంది

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో రెండు ఘనపదార్థాల మధ్య చర్య జరగాలంటే వాటిని నీళ్లలో కరిగించాలి, లేదంటే బాగా వేడి చేయాలి అని రాశారు. చాలావాటి విషయంలో అది నిజమే. ఇనుప రజను, గంధకం పొడి కలిపి తేమ తగలకుండా ఉంచితే ఎన్నాళ్లయినా అలాగే ఉంటాయి. కానీ దాన్నే నియమంగా చెప్పేస్తే ఎలాగండీ?

లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ రెండూ తెల్లటి పొడులే. మూత ఉన్న సీసాలో వేసి గట్టిగా ఊపితే చుక్క నీరు లేకుండానే పసుపు రంగు లెడ్ అయొడైడ్ కనిపిస్తుంది. స్ఫటికంలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఎక్కడివక్కడ బిగుసుకుని ఉంటాయి కాబట్టి రెండు రేణువులు తాకిన చోటే చర్య మొదలవుతుంది, అక్కడ కొత్త పదార్థం పొరలా ఏర్పడి మిగతా భాగాన్ని అడ్డుకుంటుంది. నూరితే ఆ పొర చిట్లి కొత్త ఉపరితలాలు బయటపడతాయి, చర్య మళ్లీ సాగుతుంది.

నూరడం వల్ల పుట్టే వేడే దీనికి కారణమని కొట్టిపారేసేవాళ్లు అమెరికా రసాయన శాస్త్రవేత్త కేరీ లీ ప్రయోగాలు చూడాలి. 19వ శతాబ్దం చివర్లో ఆయన చూపించింది ఏమిటంటే, సిల్వర్ క్లోరైడ్‌ను వేడి చేస్తే వెండి, క్లోరిన్‌లుగా విడిపోకుండా కరుగుతుంది, అదే గట్టిగా నూరితే విడిపోతుంది. అంతకు చాలా ముందే, 1820లో, ఫారడే అదే సిల్వర్ క్లోరైడ్‌ను జింకుతో కలిపి నూరి వెండి రాబట్టాడు.

ఇక బేరియం హైడ్రాక్సైడ్ ఆక్టాహైడ్రేట్‌ను అమ్మోనియం థయోసయనేట్‌తో కలిపితే వేడి చేయాల్సిన పనే లేదు, అదే చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుని సున్నాకు దాదాపు 20 డిగ్రీల కిందికి పోతుంది. స్ఫటికంలో దాగిన నీరు బయటికొచ్చి మిశ్రమం జావలా అవుతుంది, అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది. బీకరు కింద తడి చెక్క పెడితే అది గడ్డకట్టి బీకరుకే అతుక్కుంటుంది! వేడి తప్పనిసరి అన్న మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మీరు సవరణ వేస్తే ఒక హెచ్చరిక కూడా జోడించండి. సీసం, బేరియం లవణాలు విషం, పిల్లలు ఇంట్లో ముట్టుకోకూడదు. అగ్గిపుల్ల తలలోని పొటాషియం క్లోరేట్‌నూ, పెట్టె పక్కన పూసే ఎర్ర భాస్వరాన్నీ వేరువేరుగా ఉంచేది ఊరికే కాదు, ఆ రెండూ కలిస్తే చిన్న రాపిడికే పేలతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు