ఆటో డ్రైవరుకు డబ్బు ఇచ్చే ముందు

గుంటూరు

చి.ల.సౌ. అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఆసుపత్రి వరండాలో నిలబడి మాట్లాడుతున్నావు గనుక నేను చెప్పిన మాటలు నీ చెవికెక్కి ఉండవని ఈ ఉత్తరం రాస్తున్నాను. బీమా సర్వేయరుగా పగిలిన బంపర్లను చూస్తూనే ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి. ఈ ఒక్క విషయంలోనైనా నా మాట విను.

మీ అత్తగారికి తుంటి ఎముక ఆపరేషను, అల్లుడుగారికి ఉద్యోగం లేకపోవడం, నీకు రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, వీటి మధ్య మెహదీపట్నం సిగ్నలు దగ్గర ముందున్న ఆటోకు నీ కారు తగిలింది. ఆటో వెనుక రేకు సొట్టపోయింది, నీ బంపరు పగిలింది, అప్పటికి ఎవరికీ దెబ్బలు లేవు. మరునాడు ఆ డ్రైవరు ఫోను చేసి, మెడ నొప్పిగా ఉందనీ, 20,000 రూపాయలు ఇస్తే సరేననీ, లేకుంటే కేసు పెడతాననీ అన్నాడు. ఇచ్చి వదిలించుకోనా అని అడిగావు. ఇప్పుడే ఇవ్వవద్దు.

అలాగని అతడు అబద్ధమాడుతున్నాడని అనుకోకు. వెనుకనుంచి గుద్దినప్పుడు మెడ పట్టేయడం సాధారణమే, ఆ నొప్పి మరునాడు తెలియడమూ సాధారణమే. రోజు కూలి పోయినవాడు గట్టిగా మాట్లాడడంలో వింతేమీ లేదు. అందుచేత ముందుగా అతణ్ణి ఏదైనా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఎక్స్‌రే తీయించి, ఆ ఖర్చు నీవే పెట్టుకొని, చీటీల నకళ్ళు దగ్గర ఉంచుకో. వెళ్ళేటప్పుడు అల్లుడుగారిని వెంటబెట్టుకో.

నొప్పి సంగతి బయటపడింది గనుక వ్యవహారం ఇక కేవలం రేకు సొట్టది కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం, మనిషికి గాయమైతే డ్రైవరు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల లోపల పోలీసులకు తెలపాలి, బీమా కంపెనీకీ వివరాలు రాసి పంపాలి. అందువల్ల ఆలస్యం చేయక, జరిగినది జరిగినట్లు, నొప్పి సంగతి నీకు ఎప్పుడు తెలిసిందో కూడా చేర్చి, ఒక పేజీలో రాసి స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకో. కేసు అన్న మాటకు కంగారుపడకు. నిర్లక్ష్యంగా బండి నడపడమనే నేరం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను కిందికి వస్తుంది, అది బెయిలు దొరికే నేరమే. ఆ కాగితమే కంపెనీకీ పంపు. వారి అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోరాదని, ఎదుటివారికి డబ్బు ఇస్తానని మాట ఇవ్వరాదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. చాలామంది దానిని క్లెయిము నిరాకరించిన తరువాతే చదువుతారు.

ఇక నీ కారు సంగతి. దీనికి మాత్రం క్లెయిము వేయవద్దని నా సలహా. గ్యారేజీవాడు చెప్పిన 10,000లో బంపరు ఖరీదు 6,000 అన్నావు. నీ పాలసీలో జీరో డిప్రిసియేషన్, అంటే భాగాలు పాతబడినందుకు విలువ కోయకుండా ఇచ్చే ఏర్పాటు, లేదు గనుక ప్లాస్టిక్ భాగాలపై సగం కోస్తారు, రంగు సామగ్రిలోనూ కొంత కోస్తారు, పైగా 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపుగా మనమే భరించవలసిన 1,000 పోతుంది. చేతికి వచ్చేది సుమారు ఐదున్నర వేలు. మూడేళ్ళుగా క్లెయిము లేనందున నీకిప్పుడు 35 శాతం నో క్లెయిమ్ బోనసు, అంటే ప్రీమియంలో తగ్గింపు, నడుస్తున్నది. ఇప్పుడు క్లెయిము వేస్తే, వచ్చే రెన్యువలుకు అది 45 కావలసింది సున్నా అవుతుంది. సొంత నష్టానికి కట్టే ప్రీమియం బోనసు తీయకముందు 12,000 అనుకుంటే ఒక్క ఏడాదికే 5,400 నష్టం, ఆ మరుసటి ఏడాది 50కి బదులు 20 శాతమే గనుక మరో 3,600. ఈ బోనసు సొంత నష్టం భాగానిదే గనుక, ఆటో విషయం కంపెనీకి తెలియజేసినంత మాత్రాన పోదు. నీ కారు బాగుచేయించుకోవడానికి అడిగితేనే పోతుంది.

డాక్టరు ప్రమాదమేమీ లేదంటే, కంపెనీకి చెప్పి అనుమతి తీసుకున్న పిమ్మట, రేకు బాగుచేసే ఖర్చూ అతడికి పోయిన రోజుల కూలీ లెక్కగట్టి రాజీ చేసుకోవచ్చు. అది 20,000కు చేరుతుందని నేననుకోను. ఎంతైనా బ్యాంకు ద్వారానే పంపించు, ఇకపై ఎటువంటి క్లెయిమూ లేదని తెలుగులో రాయించి, చదివి వినిపించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించు. ఆ కాగితం ఉన్నా అతడు ప్రమాద నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునలుకు వెళ్ళలేడని కాదు, కాని అప్పుడు మన వాదనకు ఆధారం ఉంటుంది.

అల్లుడుగారికి చెప్పవద్దన్నావు. ఉద్యోగం లేని మనిషికి మరో భారమెందుకని నీ ఆలోచన, కాని ఆర్‌.సి. ఆయన పేరున ఉన్నప్పుడు స్టేషను నుంచి ఫోను వచ్చేది ఆయనకే. ఈ రాత్రికే చెప్పు. కోప్పడినా కాసేపే.

కొన్నాళ్ళు రాత్రిపూట కారు తీయకు. నిద్ర లేని కళ్ళతో బండి నడపడం నాకు ఇష్టం లేదు. శనివారం మీ అమ్మ వస్తున్నది, మీ అత్తగారి దగ్గర రాత్రుళ్ళు తనే ఉంటానన్నది. పాలసీ కాగితం, ఆర్‌.సి., లైసెన్సు, రెండు బండ్ల ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపించు. కంపెనీకి ఇవ్వవలసిన ఉత్తరం నేనే రాసి పంపుతాను, నీవు సంతకం పెడితే చాలు.

ఇట్లు,
ఆశీస్సులతో,
నాన్న