అన్నీ ఒకే గాటన కడితే ఎలా?

అయ్యా,

ఈ నెల 10న జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సభ గురించి మీ జిల్లా పేజీలో వేసిన వార్త చూసి ఊరుకుందామనే అనుకున్నాను. నా కౌంటరు ముందు జరిగింది చూశాక ఊరుకోలేకపోతున్నాను. సెల్‌ఫోన్ పక్కన పెట్టి రోజూ అరగంట యోగా చేస్తే మానసిక జబ్బులు దరిచేరవని వేదిక మీది పెద్దలు సెలవిచ్చారట. మీరు దాన్నే హెడ్డింగు చేశారు. ఫొటో నిండా ప్లకార్డులు, శాలువాలు. వైద్యం చేసే సైకియాట్రిస్టు మాట మాత్రం ఒక్కటీ లేదు.

నాది మెడికల్ షాపు. మర్నాడే ఓ తండ్రి ఆ పేపరు మడతపెట్టి తెచ్చాడు. కొడుక్కి స్కిజోఫ్రీనియా, ఒలాంజపిన్ మీద కాస్త కుదుటపడి కాలేజీకి పోతున్నాడు. "ఈ నెల గోలీలు వద్దు సారూ, యోగా మాస్టరు దగ్గర చేర్పిస్త. పేపర్ల గూడ రాసిండ్రు గదా" అన్నాడు. ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినపడడం, అన్నంలో విషం కలిపారని తల్లినే అనుమానించడం సెల్‌ఫోన్ వల్ల వచ్చేవి కావు. గోలీలు మానేస్తే తిరగబెట్టే జబ్బు అది. నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

యోగాకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఏ జబ్బుకు ఏమిటన్నది చెప్పాలా వద్దా? బైపోలార్ మనిషి కొన్నాళ్లు నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతాడు, అప్పులు తెచ్చి లేని వ్యాపారాలు మొదలుపెడతాడు. తర్వాత నెలల తరబడి మంచం దిగడు. అతనికి లిథియం రాస్తే అప్పుడప్పుడు రక్తంలో మోతాదు చూపించుకోవాలి, లేకపోతే ఆ మందే ప్రమాదం. డిప్రెషన్ గోలీలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మనవాళ్లు ఐదో రోజుకే "గుణం కనపడలేదు" అని స్ట్రిప్పు వాపసు తెస్తారు. గంటల కొద్దీ చేతులు కడిగే ఓసీడీ ఆడమనిషిని ఇంట్లోవాళ్లు "మడి ఎక్కువ" అని నవ్వుకుంటారు. పానిక్ వచ్చినవాడు గుండెపోటనుకుని ఈసీజీల మీద ఈసీజీలు తీయించుకుంటాడు. సభలో వీటన్నిటికీ కలిపి ఒకే మాట: ఒత్తిడి!

అసలు అలవాటు పడే మందుల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. నిద్ర పట్టకపోయినా, దడ వచ్చినా, ఇంట్లో గొడవైనా కొందరు ఆర్‌ఎంపీలు ఇచ్చేది ఆల్ప్రజోలామే. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, రిజిస్టరు రాయాలి. నేను రాస్తున్నాను. రాయని దుకాణాల జోలికి ఎవరు పోతున్నారు? అదే మందు కల్తీ కల్లులోనూ కలుస్తోందని ఎక్సైజ్ వాళ్లకు తెలియనిదా? 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే కల్లు, మద్యం దొరక్క ఫిట్స్, వణుకుతో జనం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు ఎలా బారులు తీరారో మీ పేపరే రాసింది. తర్వాత ఏమైందో మీరూ రాయలేదు, వాళ్లూ చెప్పలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మిగతా జబ్బులతో సమానంగా దీనికీ బీమా ఇవ్వాలంది. సభలో ఆ ఊసే రాలేదు. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని తేలింది. ఆ పన్నెండులో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. లెక్కే లేని చోట గోలీల ఇండెంటు ఏ లెక్కన పెడతారో పెద్దలే చెప్పాలి. సర్కారు దవాఖానాలో "స్టాకు లేదు, బయట కొనుక్కో" అనిపించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూలీలే. నాకు బేరం, వాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టు. సగం స్ట్రిప్పు కొని, రోజు విడిచి రోజు వేసుకుంటారు.

మీకో విన్నపం. 14416కు ఫోన్ చేస్తే సర్కారు వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో రాత్రీ పగలూ, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 నుంచీ ఉంది. అంత పెద్ద వార్తలో ఆ అయిదంకెలకు చోటు దొరకలేదా? పశువుల సంత ఏ రోజో, కరెంటు కోత ఎప్పుడో ఠంచనుగా వేస్తారు. ఏ ఏరియా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఏ రోజు ఓపీ చూస్తారో, ఆ రోజు మందులు ఉన్నాయో లేదో కూడా అదే పేజీలో వారానికోసారి వేయండి.

– ఒక మెడికల్ షాపు యజమాని,
కామారెడ్డి