కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సోదర సోదరీమణులకు అస్సలాము అలైకుం.

చెన్నై కళాశాలల్లో మన తెలుగు ముస్లిం పిల్లలు పాల్గొంటున్న విద్యార్థి సంఘాలకు ఈ ఏడాది మనం అందించిన తోడ్పాటును మీ ముందుంచుతున్నాను. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒక్కరు, పీజీలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని, దేశంలో ముస్లింల స్థితిగతులను అధ్యయనం చేసిన సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. కేంద్ర ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019–20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య మరుసటి ఏడాదికి 19.21 లక్షలకు పడిపోయింది. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా కేంద్రం 2022–23 నుంచి నిలిపివేసింది. ఈ పరిస్థితిలో కర్నూలు నుంచో నెల్లూరు నుంచో వచ్చి కొత్త ఊళ్లో దిక్కుతోచక నిలబడిన పిల్లవాడికి ముందుగా చేయందించేది తోటి విద్యార్థుల సంఘమే.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోదగినది రంజాన్ మాసపు సహరీ, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం, ఏర్పాటు. మార్చిలో తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలోనే సహరీ ముగించాలి, హాస్టల్ మెస్సులు తెరిచేది మాత్రం ఏడింటికి. బిస్కెట్లు, నీళ్లతో ఉపవాసం ఉండి ల్యాబ్ పరీక్షలు రాస్తున్న పిల్లల సంగతి తెలిసిన ట్రిప్లికేన్ సభ్యులొకరు తమ వంటగదిని నెల పొడవునా మనకు అప్పగించారు. వండినవారు మన మహిళా విభాగం సోదరీమణులు, హాస్టళ్లకు చేర్చినవారు విద్యార్థులే. ముస్లిమేతర స్నేహితులు కూడా తెల్లవారుజామునే లేచి పొట్లాలు పంచడంలో సాయపడ్డారు. ఒక హాస్టల్‌లో గేటు తీయించడానికి వార్డెన్ అనుమతి కోసం రాసిన లేఖకు పండుగ దాటాక కూడా జవాబు రాలేదు. అక్కడి పిల్లలు పొట్లాలను ముందు రాత్రే తెచ్చుకుని చల్లారిన అన్నం తిన్నారు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

విద్యార్థి సంఘాలకున్న అసలు బలహీనత ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు వెళ్లిపోవడం. వారితోపాటే అనుమతి పత్రాలు, సలహాదారైన అధ్యాపకునితో పరిచయం, జుమా (శుక్రవారపు) నమాజుకు గది ఇప్పించుకున్న తీరు అన్నీ పోతాయి. అందుకే ప్రతి సంఘం చేత ఒక అప్పగింత పుస్తకం రాయించడం ఈ ఏడాది మొదలుపెట్టాం. ఇందులో విద్యార్థినులు చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. తెలుగే మాతృభాషగా ఉండి ఉర్దూ, తమిళం రెండూ రాని నూర్‌బాషా ముస్లిం పిల్లలు సమావేశాల్లో మౌనంగా ఉండిపోతున్నారని గమనించి మార్గదర్శన ప్రసంగాలను తెలుగులోనే ఏర్పాటు చేశాం. మన తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన ముస్లిం వర్గాలకిచ్చే బీసీ–ఈ ధ్రువపత్రంతో, తమిళనాడులో వెనుకబడిన ముస్లింలకున్న 3.5 శాతం కోటాలో సీటు రాదన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు అక్కడే తెలిసింది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపించిన విశ్రాంత ఉపాధ్యాయులకు, ఉచితంగా వైద్యం చేసిన డాక్టరుగారికి, హాలు ఇచ్చిన మసీదు కమిటీకి మన సంఘం రుణపడి ఉంది.

ఆడిటరు ఆమోదించిన లెక్కలను కోశాధికారి మీకు అందజేశారు. జకాత్ (విధిగా ఇచ్చే దానం) సొమ్మును వేరే ఖాతాలో ఉంచి అర్హులైన విద్యార్థుల ఫీజులకే వాడామని, సభల ఖర్చులు చందాల నుంచే పెట్టామని మాత్రం మనవి చేస్తున్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కిందటి సమావేశంలో మెంటర్లుగా ఉంటామని చేతులెత్తిన ఇంజనీర్లలో, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఆ తరువాత పిల్లల ఫోను కూడా ఎత్తలేదు. చెక్కు పంపినవారి పట్ల మాకు కృతజ్ఞత ఉంది, కానీ ఇంటర్వ్యూకు ఎలా వెళ్లాలో, పరిశోధనకు గైడును ఎలా ఎంచుకోవాలో చెక్కు చెప్పలేదు. కొత్త విద్యార్థులు చేరేలోపు, నెలకు ఒక ఆదివారమైనా నిజంగా రాగలిగిన సభ్యులు మాత్రమే తమ పేర్లను ఈ సమావేశంలోనే నాకు రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.