వెనక హబ్ విడిభాగాల కోసం సైకిళ్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

సర్వీసు విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: మీ కొత్త మోడల్ సైకిల్ వెనక హబ్‌ను (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగాన్ని) విప్పడానికి వీలు లేకుండా తయారు చేయడం, దాని విడిభాగాలు అమ్మకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను పర్లాకిమిడి బజారులో సైకిళ్లు అమ్మే, బాగు చేసే దుకాణం నడుపుతున్నాను. మా నాన్నగారి కాలం నుంచీ మీ కంపెనీ సైకిళ్లు అమ్ముతున్న దుకాణం మాది. ఇటు కాశీనగరం, గారబంద వైపు నుంచీ, అటు సరిహద్దు దాటి పాతపట్నం నుంచీ వచ్చే రైతులు, కూరగాయల వ్యాపారులు, హైస్కూలు పిల్లలు మా దగ్గరే సైకిలు కొని, మా దగ్గరే బాగు చేయించుకుంటారు. మీ కొత్త మోడల్ వచ్చాక, వెనక చక్రం ఊగుతోందని వచ్చినవారికి నేను ఏం చెప్పాలో తెలియని పరిస్థితి ఏర్పడింది.

ఒక్క వానాకాలం నడిచిన సైకిలుకే ఈ లోపం కనిపిస్తోంది. చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపితే టకటక కొడుతుంది, తిప్పితే గరగరమంటుంది. పాత మోడల్ అయితే ఇది అరగంట పని. ఇరుసు మీద బిగించి ఉండే కోన్ విప్పి, దానికీ హబ్ లోపలి కప్పుకూ మధ్య తిరిగే గుండ్లు తీసి, కప్పులను కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, అరిగిన కోన్ మార్చి బిగిస్తే చక్రం మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. కొత్త మోడల్‌లో మీరు హబ్ అంచును లోపలికి మడిచి నొక్కేశారు. ఇరుసు మీద మరలు చక్రాన్ని ఫ్రేముకు బిగించే నట్ల వరకే ఉన్నాయి, కోన్‌ను ఇరుసుతో కలిపేశారు. పానా పెట్టడానికి చోటే లేదు.

పాడైపోయిన అలాంటి హబ్‌ను ఒక దాన్ని హాక్సా బ్లేడుతో కోసి చూశాను. లోపలి గ్రీజు వాన నీటితో కలిసి గోధుమరంగు ముద్దగా మారింది. కోన్ చుట్టూ వేలు పెట్టి తడిమితే మూడు వంతులు నున్నగానే ఉంది, ఒక్క వైపు మాత్రం గోరు దిగేంత గుంట పడింది. కప్పు మాత్రం ఎక్కడా గీత లేకుండా మెరుస్తోంది. ఇందులో వింతేమీ లేదు. కప్పు చక్రంతో పాటు తిరుగుతుంది కాబట్టి దాని అరుగుదల చుట్టూ సమానంగా పంచుకుపోతుంది. కోన్ ఇరుసు మీద కదలకుండా ఉంటుంది కాబట్టి మనిషి బరువూ, మూట బరువూ ఎప్పుడూ దాని అడుగు వైపునే పడతాయి, ముందు అరిగేది అదే. అందుకే పాత హబ్‌లో కోన్‌ను విడిగా, మరతో తిప్పి తీసేలా, అన్నింటికంటే చవక భాగంగా ఉంచారు. ముందు అరగాల్సింది చవకగా మార్చగలిగే వస్తువు అయి ఉండాలన్న ఆ మంచి ఆలోచనను మీరు వదిలేశారన్నదే నా ప్రధాన ఫిర్యాదు.

కోన్ల జత, గుండ్ల సెట్టు, కూలి కలిపినా పాత పద్ధతిలో నూట యాభై రూపాయలు దాటదు. మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే మాత్రం ఆ భాగాలు విడిగా రావని, చక్రం మొత్తం కొనాలని చెప్పారు. డీలరు దానికి 1,800 రూపాయలు అడిగారు. పోనీ బజారులో దొరికే మామూలు హబ్ వేద్దామా అంటే, మన దేశంలో వాడుకలో ఉన్న పాత సైకిళ్ల వెనక హబ్‌కు స్పోకులు దూర్చే రంధ్రాలు 40, ముందు హబ్‌కు 32 ఉంటాయి. మీ కొత్త చక్రానికి 36 పెట్టారు. హబ్ మారిస్తే రిమ్ము కూడా మార్చాలి, స్పోకుల పొడవు కూడా తేడా వస్తుంది. ఏ దారి చూసినా బాగా ఉన్న రిమ్మును, బాగా ఉన్న స్పోకులను పాత ఇనుము కొట్టుకు వేయవలసి వస్తోంది.

గుండ్లు తిరిగే ఆ బేరింగు మూసి ఉండడమే తప్పని నేను అనడం లేదు. వాగులు దాటే మా దారుల్లో నీళ్లు, బురద లోపలికి పోకుండా మూసి ఉన్న బేరింగు నిజంగా మేలైనదే. కానీ దాన్ని బయటకు తీయగలిగేలా బిగించాలి, దాని మీద అందరికీ తెలిసిన నంబరు ఉండాలి. 6001 అని ఉంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 28, మందం 8 మిల్లీమీటర్లని ఏ బేరింగుల దుకాణానికి వెళ్లినా వెంటనే తీసి ఇస్తారు. మీ బేరింగు మీద ఏ అంకే లేదు, కొలిచి చూస్తే ఏ మామూలు సైజుకూ సరిపోలేదు. అదే సైకిలుకు ఫ్రీవీల్‌ను (గొలుసు తిప్పే వెనక పళ్ల చక్రాన్ని) మాత్రం పాత పద్ధతిలోనే, 1.37 అంగుళాల మరతో, ఏ ఊళ్లోనైనా దొరికేలా ఉంచారు. దానికి నా కృతజ్ఞతలు. ఫ్రీవీల్ విషయంలో పాటించిన నియమాన్ని దాని పక్కనే ఉన్న హబ్ విషయంలో ఎందుకు విడిచిపెట్టారో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ భారం ఎవరి మీద పడుతోందో కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతి చదివే కూతురి సైకిలు తీసుకుని ఒక తల్లి వచ్చి, "అన్నయ్యా, లోపల గుండ్లు మారిస్తే చాలదా, చక్రం మొత్తం కొనాలా?" అని అడిగింది. కూలి పని చేసుకునే మనిషి ఆమె. ఆ డబ్బు చేతికి వచ్చేదాకా ఆ పిల్ల బడికి నడిచే వెళ్లాలి. పైగా హబ్ విప్పితే వారంటీ చెల్లదని మీ కార్డులో ఉంది కాబట్టి, వారంటీ ఉన్న సైకిలుకు నేను ముందు జాగ్రత్తగా గ్రీజు పెట్టే వీలు కూడా లేదు.

కనుక ఈ మోడల్ హబ్‌కు కోన్లు, ఇరుసు, గుండ్లు విడిగా అమ్మాలని, లేదా మామూలు నంబరు బేరింగుతో, విప్పగలిగే హబ్‌ను 36 రంధ్రాలతోనే చేసి మా వంటి దుకాణాలకు పంపాలని కోరుతున్నాను. ఇప్పటికే అమ్మిన సైకిళ్లలో ఈ లోపంతో వచ్చినవాటికి చక్రాన్ని ఉచితంగా మార్చాలి. గ్రీజు కోసం హబ్ విప్పితే వారంటీ పోతుందన్న షరతును తొలగించాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలను ముందుగా ఎంచుకుంది. ఆ జాబితాలో సైకిలు లేదు. చట్టం వచ్చి బలవంతపెట్టేదాకా ఆగకుండా మీరే ఈ పని చేస్తారని ఆశిస్తున్నాను. ఈ లేఖ అందిన 30 రోజుల్లో సమాధానం రాకపోతే, ఈ సైకిళ్లు కొన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయడానికీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవడానికీ నేను సహాయం చేస్తాను. కోసిన హబ్, అరిగిన కోన్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఇంజినీరును పంపితే చూపిస్తాను, కావాలంటే పార్సిల్‌లో పంపిస్తాను.

ఇట్లు,
సైకిల్ దుకాణం యజమాని,
పర్లాకిమిడి.