క్లబ్బు మడికి పటంలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో సేద్యశాస్త్రం చదివే విద్యార్థులు, నేల, నీటి సంరక్షణ చదివే విద్యార్థులు కలిసి నడుపుకొనే క్లబ్బుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. అటువంటి ఒక క్లబ్బుకు చాలాకాలం సలహాదారుగా ఉన్న అధ్యాపకుడిని నేను. డిసెంబరు 5న ప్రపంచ మృత్తికా దినోత్సవం నాడు ఈ పిల్లలు బ్యానరు పట్టుకొని, మొక్కలు నాటుతూ అందరికీ కనిపిస్తారు. వారి అసలు పని మిగతా రోజుల్లో, ఎవరూ చూడని ఒక చిన్న మడిలో జరుగుతుంది.

తరగతిలో దిగుబడి ఒకరి పాఠం, నేలకోత ఇంకొకరి పాఠం. ఆ రెండూ ఒకే చేనులో ముడిపడి ఉన్నాయని విద్యార్థికి తెలిసేది ఇటువంటి క్లబ్బులోనే. మా పిల్లలు ఏటా చేసే ఒక పరీక్ష చెబుతాను. 15 సెంటీమీటర్ల వ్యాసం గల ఇనుప రింగును నేలలోకి కొంత దిగ్గొట్టి, లోపల పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి, దాని మీద సుమారు 440 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కాగితాన్ని మెల్లగా లాగేస్తారు. అంటే ఆ కాస్త నేల మీద రెండున్నర సెంటీమీటర్ల వాన కురిసినట్టు. పదే పదే దున్ని ఎండకు వదిలేసిన మడిలో ఆ నీరు కదలకుండా మెరుస్తూ నిలబడింది. పంట మోళ్లు, ఎండుటాకులు కప్పి ఉంచిన పక్క మడిలో చూస్తుండగానే ఇంకిపోయింది. చినుకు దెబ్బకు మట్టి రేణువులు చెదిరి, సందులు పూడుకుపోయి, పైన పెచ్చు కడుతుందని పుస్తకంలో చదివిన పిల్లలే, రింగు చుట్టూ గొంతుక్కూర్చొని, చేతిలో గడియారం ఉన్న సంగతి మరిచి చూస్తూ ఉండిపోయారు.

అయితే నేలలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకులు, వేళ్ల వంటి వాటి నుంచి నేలకు చేరే కర్బనం, కొలవదగినంతగా మారడానికి ఏళ్లు పడుతుంది, విద్యార్థి మాత్రం మూడు నాలుగేళ్లకే వెళ్లిపోతాడు. ఆరేళ్లు దున్నకుండా కాపాడుకొన్న మా మడిని ఒక వేసవి సెలవుల్లో వాహనాలు నిలపడానికని ట్రాక్టరుతో చదును చేసేశారు. తిరిగివచ్చిన పిల్లలు గుర్తు కర్రల కోసం ఆ మట్టిలో వెతుక్కోవడం నేను మరిచిపోలేను. అంతకుముందే రెండేళ్ల కొలతలు, చదువు ముగించి వెళ్లిన ఒక విద్యార్థి ఫోనుతో పాటే పోయాయి. ఏ ఒక్కరినీ తప్పుపట్టను, ఎందుకంటే ఆ మడి ఎవరిదో ఏ కాగితం మీదా లేదు.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం ఇప్పటికీ సాగుతోంది. ఏ ఎరువూ వేయని మడికి, పశువుల ఎరువు వేసిన మడికి మధ్య నేల గుణంలో ఎంత తేడా వచ్చిందో అక్కడ చూపగలుగుతున్నారంటే, మనుషులు మారినా మడుల హద్దులు, రాతపుస్తకాలు నిలిచి ఉండటమే కారణం. విద్యార్థి క్లబ్బు అంత పెద్ద పని చేయాలని కాదు, పదేళ్ల వరుస కొలతలున్నా తర్వాత వచ్చే వారి పరిశోధనకు అవి ఆధారమవుతాయి.

అందుకే విశ్వవిద్యాలయాల పాలకులను నేను కోరేది చాలా కొద్ది. క్లబ్బు మడిని క్షేత్ర పటంలో నమోదు చేయండి, విభాగం అనుమతి లేనిదే దాన్ని ఎవరూ కదిలించకుండా చూడండి. కొలతల పుస్తకాన్ని గ్రంథాలయంలో భద్రపరచండి. బాధ్యతలు చివరి ఏడాది వారి దగ్గరే ఉండిపోకుండా, రెండో ఏడాది విద్యార్థి ఒకరు వారి పక్కనే ఉండి పని నేర్చుకొనే ఏర్పాటు చేయండి. మా పిల్లలు కొత్త మడికి నాలుగు మూలలా రాళ్లు పాతి, మొదటి ఏడాది కొలతలు తీసుకున్నారు. వచ్చే వేసవి సెలవుల లోపే ఆ నాలుగు రాళ్లూ పటంలోకి ఎక్కాలి.

ఇట్లు,
ఒక సేద్యశాస్త్ర అధ్యాపకుడు