గోపురం మీది రావి మొక్క ఏ శాఖ కిందికి వస్తుంది?

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

ఏ శాఖ మంత్రిగారికో పైన రాయలేదేమని మీ సిబ్బంది అనుమానపడవచ్చు. కావాలనే రాయలేదు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం గోపురాల మీది మొక్కలు తీయించమని అర్జీ పట్టుకుని వెళ్తే ఒక కార్యాలయంలో ‘అది ఆసుపత్రి ఆస్తి, మాకు సంబంధం లేదు’ అన్నారు. ఇంకో కార్యాలయంలో ‘అది వారసత్వ కట్టడం, మేం చెయ్యి పెట్టకూడదు’ అన్నారు. మరోచోట ‘వ్యవహారం కోర్టులో ఉంది కదా’ అని కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఒక పెద్దమనిషి మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, బడ్జెట్ ఎవరి పేరున ఉందో వాళ్లనే అడగమని సలహా చెప్పారు. ఎవరి పేరున ఉందో ఆయనకూ తెలియదట. కాబట్టి మీలో ఎవరు ఇది చదివితే వారినే ఆ శాఖ మంత్రిగారు అనుకుంటాను, మన్నించండి.

దానికి బదులు గోషామహల్‌లో కట్టే కొత్త ఆసుపత్రి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 31న శంకుస్థాపన అయింది, 26 ఎకరాల పైచిలుకు స్థలం, 2,000 పడకలు. కట్టండి, త్వరగా కట్టండి. రోగులకు మంచి మంచం, మంచి ఆపరేషన్ థియేటర్ కావాలి. అందులో ఎవరికీ పేచీ లేదు. మైదానం పోతోందని గోషామహల్ వాళ్లకు ఉన్న బాధ వేరు, దాని మీద వాళ్లే మీకు రాస్తారు. నా గోడు పాతదాని గురించి. కొత్తది ఎక్కడ కట్టాలో తేలేదాకా ‘పాతది కూలుస్తాం’, తేలాక ‘పాతదాన్ని కాపాడతాం’. ఈ రెండో మాట విని మేం సంతోషించాం. సంతోషించి ఊరుకున్నాం, అదే వచ్చిన చిక్కు.

2025 జులైతో ఆ భవనానికి తాళం పడి అయిదేళ్లు నిండాయి. కట్టడం పూర్తయింది 1925లో కాబట్టి అదే 2025తో దానికి నూరేళ్లు కూడా నిండాయి. నూరేళ్ల పండుగను తాళంతో జరుపుకున్న ప్రభుత్వ భవనం రాష్ట్రంలో ఇంకోటి ఉందేమో మీరే చెప్పాలి.

ఈ ఆసుపత్రి ఉన్న అఫ్జల్‌గంజ్ అనే పేట ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా 1857 నుంచి 1869 దాకా ఏలాడు. ధాన్యం వర్తకులకు మూసీ ఒడ్డున స్థలం ఇచ్చాడు. గంజ్, అంటే ధాన్యం బజారు, వచ్చింది. గంజ్‌కు వచ్చేవాళ్లు నమాజు చేసుకోవడానికి మసీదు వచ్చింది. ఊళ్ల నుంచి బళ్లు తోలుకొచ్చినవాళ్లకు, ఊరివాళ్లకు జబ్బు చేస్తే చూసే చోటు ఉండాలని 1866లో ఆసుపత్రి వచ్చింది. తిండి గింజలు, దేవుడు, వైద్యం మూడూ నాలుగడుగుల దూరంలో ఉండేలా ఒక పేటను పెట్టిన పాలకుడు అతను. ఇవాళ మీరు నగర ప్రణాళిక అంటూ కన్సల్టెంట్ల చేత రాయించే నివేదికల్లో ఇదే మాట ఇంకాస్త పెద్ద పదాల్లో ఉంటుంది.

ఆ మసీదు ఈనాటికీ ఉంది. బస్సు దిగినవాడికి మినార్లు కనిపిస్తాయి. ఆసుపత్రిలో ఉన్న రోగి తాలూకు మనిషి నమాజు వేళకు వెళ్లి వస్తాడు. అయిదు పూటలా తలుపు తెరుస్తారు, ఊడుస్తారు, కాళ్లూ చేతులూ కడుక్కునే హౌజులో నీళ్లు చూస్తారు, వాన కురిస్తే ఎక్కడ కారుతోందో అదే పూట ఎవరో ఒకరు గమనిస్తారు. ఎవరో నిపుణుల కమిటీ వేసి దాన్ని నిలబెట్టలేదు. రోజూ మనుషులు మసలుతున్నారు కాబట్టి నిలిచింది. దాని పక్క ఆసుపత్రి భవనం వయసులో దానికంటే చిన్నది, బలంలో పెద్దది. అయినా దానికే ‘శిథిలావస్థ’ అని పేరు పెట్టాం.

అఫ్జలుద్దౌలా కట్టించిన మొదటి ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28న మూసీలో కలిసిపోయింది. ఆ వరదలో దాదాపు 15,000 మంది పోయారని లెక్క. మంచాల మీద ఉన్న రోగులు మంచాల మీదే పోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కిన సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా ఆ తేదీన నగరాభిమానులు కొందరు దాని కింద చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. మీకూ ఆహ్వానం పంపుతూనే ఉంటారనుకుంటాను.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అదే ఒడ్డున ఈ ఆసుపత్రి కట్టించాడు. నక్షా విన్సెంట్ ఎష్‌ది. ఆయన చేతి మీదుగానే మూసీకి అవతలి ఒడ్డున హైకోర్టు లేచింది, కాచిగూడ స్టేషనూ సిటీ కాలేజీ కూడా లేచాయి. దయచేసి ఒకసారి నయాపూల్ మీద కారు ఆపించి రెండు ఒడ్లూ చూడండి. ఆ వైపు హైకోర్టు, ఈ వైపు ఆసుపత్రి. ఒకే కాలం, ఒకే వాస్తుశిల్పి, కింద ఒకే నది. హైకోర్టులో 2009లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, ఒక భాగం కాలిపోయింది. బాగుచేసుకున్నారు, కేసులు నడుస్తున్నాయి. ఇటువైపు దానికి నిప్పు అంటుకోలేదు, భూకంపం రాలేదు. వానలు కురిశాయి, అంతే. వానలు అటూ కురిశాయి.

2020 జులైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాయని కదా తాళం వేశారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది, సిగ్గుపడింది కూడా. కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గోపురం చిల్లుపడి రాలేదు, గోడ పగిలి రాలేదు. మురుగు కాలువ పూడుకుపోయి నేల మీద నుంచి పొంగి వచ్చాయి. కాలువ పూడికకు భవనం ఎలా బాధ్యురాలో ఎవరూ చెప్పలేదు. కాలువ తీయించవలసినవాళ్లకు నోటీసు వెళ్లిందో లేదో కూడా చెప్పలేదు. శిక్ష భవనానికి పడింది, అక్కడి వార్డుల రోగులు పక్క భవనాల్లో ఇరుక్కున్నారు. మరుసటి నెల, అంటే 2020 ఆగస్టులో, కూతవేటు దూరంలోని మొజంజాహీ మార్కెట్‌ను ముచ్చటగా బాగుచేసి దీపాలు పెట్టి ప్రారంభించారు. చేతకాక కాదన్నమాట. ఆ మార్కెట్‌లో ఐస్‌క్రీము తిని వచ్చినవాళ్లంతా ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. రోగి పడుకున్న చోటు కంటే ఐస్‌క్రీము తినే చోటుకు ముందు వరస రావడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక అసలు విషయం. పైకప్పు. ఇంత ఉత్తరంలో మీకు గుర్తుండవలసింది ఇదొక్కటే.

గోపురాల మీద, చిన్న చిన్న ఛత్రీల మీద, పిట్టగోడల సందుల్లో రావి మొక్కలు మొలిచాయి. కాకి ఎక్కడో తిని వచ్చి వేసిన గింజ. మొదటి ఏడు అది వేలెడు మొక్క, చేత్తో లాగితే వస్తుంది. రెండో ఏడు వేరు డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, పొరల్లోకి దిగుతుంది. మూడో ఏటికి ఇటుకల మధ్య వేలిమందాన తాడులా పాకుతుంది. అప్పుడు పైన కొమ్మ నరికితే కింద వేరు ఇంకా బలుస్తుంది. లాగితే సున్నం పెళ్లతో, ఇటుకతో కలిసి ఊడి వస్తుంది. దాన్ని మొదలంటా కోసి, వేరుకు మందు పెట్టి చంపి, ఆ సందును మళ్లీ గానుగ సున్నంతోనే నింపాలి. సిమెంటు పూయకూడదు. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి పెళ్లలు ఊడతాయి. ఇది నేను కనిపెట్టిన శాస్త్రం కాదు. పాతబస్తీలో సున్నం పని తెలిసిన ఏ మేస్త్రీని అడిగినా టీ తాగేలోపు చెప్తాడు. ‘పెళ్లలు ఊడి పడుతున్నాయి, ప్రమాదం’ అని ఏళ్లుగా ఫైళ్లలో రాస్తున్నారే, వాటిలో పాత కట్టడానివి ఎన్ని, దాని మీద తర్వాత తర్వాత పూసిన సిమెంటువి ఎన్ని అని ఎవరైనా చూశారా?

అయిదు వానాకాలాలు దాటాయి. లోపల మనిషి లేడు. పైనుంచి నీరు దించే గొట్టంలో ఆకులు అడ్డం పడితే తీసేవాడు లేడు. నీరు నిలుస్తుంది, మొక్క తాగుతుంది, వేరు దిగుతుంది. వార్డులు నడిచినన్నాళ్లు కనీసం నర్సమ్మ ఎవరో ‘ఇక్కడ కారుతోంది’ అని అరిచేవారు. ఇప్పుడు ఆ అరుపు కూడా లేదు. 2015లో కూల్చాలన్న మాట మొదటిసారి గట్టిగా వచ్చినప్పుడు వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్లు చూసి, మరమ్మతు చేస్తే నిలుస్తుందనే చెప్పారు. అప్పుడు చేయలేదు. చేయకుండా పదేళ్లు ఆగి, చూశారా పాడైపోయింది అనడం ఎంత సులువు! రోగికి అయిదేళ్లు అన్నం పెట్టకుండా ఉంచి ‘బలహీనంగా ఉన్నాడు’ అని కేసు షీటులో రాసే డాక్టరును మీరు ఉద్యోగంలో ఉంచుతారా?

ఖాళీ భవనం ఏమవుతుందో చూడడానికి దూరం వెళ్లనక్కర్లేదు. గౌలిగూడ బస్ స్టేషన్ రేకుల షెడ్డు నిజాం కాలం నుంచి ఉండేది. దశాబ్దాల పాటు దాని కింద నుంచి బస్సులు వెళ్లాయి. 2018లో బస్సులను అక్కడి నుంచి తరలించారు, కొద్ది రోజులకే, జులై 5న, అది నేలమట్టమైంది. మనుషులు లేరు కాబట్టి ఎవరూ చావలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం, మర్చిపోయాం. ఆసుపత్రి పాత భవనం విషయంలో కూడా అలాంటి ఒక జులై కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని అడిగితే మర్యాదగా ఉండదు. కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను. కూల్చిన పాపం ఎవరికీ అంటకుండా దానంతటదే కూలితే ఫైలు ఎంత శుభ్రంగా మూసుకుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

బాగుచేసి ఏం చేసుకుంటాం అని ఒక అధికారి నన్ను నిజంగానే అడిగారు. అయ్యా, మత్తుమందు చరిత్రలో హైదరాబాద్ పేరు ఉంది. 1888, 1889లలో ఇక్కడ క్లోరోఫాం అనే మత్తుమందును పరీక్షించే కమిషన్లు జరిగాయి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ జరిపించాడు. క్లోరోఫాంతో మనిషి పోయేది గుండె ఆగి కాదు, ముందు ఊపిరి ఆగి అన్నది ఆయన వాదం. లండన్ వైద్యులు ఒప్పుకోకపోతే ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును అక్కడి నుంచి రప్పించాడు. కాదని రుజువు చేద్దామని వచ్చినవాడు ఔనని ఒప్పుకుని వెళ్లాడు. గుండె కూడా ఆగవచ్చని ఆ తర్వాత ఇంకొకరు తేల్చారనుకోండి, అది శాస్త్రానికి మామూలే. ఆ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు అంటారు. 1846లో మొదలైన వైద్య పాఠశాల, తర్వాత ఉర్దూలో డాక్టరీ చదువు చెప్పిన కాలేజీ, అన్నీ ఈ ఆసుపత్రి చుట్టూ అల్లుకున్న కథలే. ఇంకే ఊళ్లోనైనా ఇందులో పావు వంతు ఉంటే వైద్య మ్యూజియం పెట్టి టిక్కెట్టు అమ్ముకునేవారు. మ్యూజియం వద్దంటే వైద్య గ్రంథాలయం పెట్టండి. అదీ వద్దంటే రోగుల వెంట వచ్చి చెట్ల కింద పడుకుంటున్నవాళ్లకు రాత్రిపూట ఆశ్రయం ఇవ్వండి. ఏది పెట్టినా సరే, మనుషులు తిరగాలి. మసీదు చెబుతున్నది అదే.

మూసీ సుందరీకరణ బొమ్మల్లో ఈ గోపురాలు భలే మెరుస్తున్నాయి. నది నీళ్లు నీలంగా ఉన్నాయి, ఒడ్డున పిల్లలు బెలూన్లు పట్టుకున్నారు. బొమ్మ వేసినాయన రావి మొక్కలు మాత్రం వేయడం మర్చిపోయినట్టున్నారు.

2017లో వారసత్వ చట్టం చేసుకున్నాం. చట్టం పేరులో రక్షణ ఉంది, సంరక్షణ ఉంది, నిర్వహణ కూడా ఉంది. నేను అడుగుతున్నది ఆ చివరి మాట ఒక్కటే. కోట్లు అడగడం లేదు. నిచ్చెన, నలుగురు సున్నం మేస్త్రీలు, వేరుకు పెట్టే మందు, నీటి గొట్టాలు శుభ్రం చేసే ఇద్దరు మనుషులు, తాళం తీసే అధికారం ఉన్న ఒక అధికారి. పూర్తి పునరుద్ధరణకు డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) అంటారా, టెండరు అంటారా, కన్సల్టెంటు అంటారా, నిదానంగా చేయండి. కప్పు మీది మొక్కలకు డీపీఆర్ అక్కర్లేదు.

మళ్లీ వానలు ముదరకముందే కదలండి. మొక్కలు కోయించండి, గొట్టాలు తీయించండి, కింద మురుగు కాలువ పూడిక తీయించండి. ఈ పనికి బాధ్యుడైన అధికారి పేరూ ఫోను నంబరూ గేటు దగ్గర అందరూ చదివేలా రాయించండి. కార్యాలయాల చుట్టూ తిరగకుండా మేం నేరుగా ఆయననే అడుగుతాం.

ఇట్లు,
అఫ్జల్‌గంజ్ పాత కాపురస్తుడు