చిన్నా, ఈసారి అప్పు తీర్చను

చిన్నా,

నువ్వు ఫోన్‌లో ఆడే జూదం గురించి, దాని అప్పుల గురించి ఎదురుగా కూర్చుని చెప్పాలని మూడు రోజులుగా చూస్తున్నాను. నోరు తెరిస్తే నాకు ఏడుపొస్తోంది, నువ్వేమో లేచి వెళ్లిపోతున్నావు. అందుకే రాస్తున్నాను.

మొన్న రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేచాను. నువ్వు చీకట్లో గోడకి ఆనుకుని కూర్చున్నావు. ముఖం మీద ఫోన్ వెలుగు, బొటనవేలు ఒక్కటే కదులుతోంది. నన్ను చూడగానే ఫోన్ బోర్లా పెట్టేసి "నిద్ర పట్టలేదమ్మా" అన్నావు. ఆ ముఖంలో ఆట సరదా లేదు, గెలుస్తానన్న ఉత్సాహం కూడా లేదు. ఎవరో బలవంతంగా పని చేయిస్తున్నట్టు ఉన్నావు. అది చూశాక ఇక నాకూ నిద్ర పట్టలేదు.

అప్పటిదాకా ఇది నీ బుద్ధి తక్కువతనం అనుకున్నాను, ఆ మాట మొహం మీదే అన్నాను. తప్పు నాది, క్షమించు. తర్వాత చదివాను, ఒక డాక్టరుగారితో మాట్లాడాను. జూదం మానలేకపోవడాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లోనే తమ మానసిక సమస్యల పుస్తకంలో చేర్చింది. 2013లో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కకి మార్చింది. ఒంట్లోకి ఏ మత్తూ వెళ్లకపోయినా మెదడు అలాగే చిక్కుకుపోతుందన్నమాట. తొమ్మిది లక్షణాలు రాశారు. ఏడాదిలో నాలుగైనా ఉంటే వ్యసనం కిందే లెక్క. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్లీ ఆడటం, పందెం పెంచుకుంటూ పోవడం, మానేద్దామంటే చిరాకు, ఇంట్లో అబద్ధాలు... చదువుతుంటే నువ్వే కళ్ల ముందు కనిపించావు. చివర్లో ఇంకొకటి ఉంది: జూదంతో పీకల మీదికి వచ్చినప్పుడు డబ్బు కోసం వేరేవాళ్ల మీద ఆధారపడటం. అక్కడ నేను కనిపించాను.

రెండుసార్లు తీర్చాను. ఒకసారి మీ నాన్నకి కూడా చెప్పలేదు. బరువు దిగితే నువ్వే మానేస్తావని నమ్మాను. కానీ అప్పు తీరిన నెలలోనే మళ్లీ మొదలైంది. నేను కట్టిన ప్రతిసారీ నీకు ఇంకో ఆటకి దారి దొరికింది. అందుకే ఈసారి ఒక్క రూపాయి ఇవ్వను. కోపంతో అంటున్న మాట కాదిది.

"పోయింది వచ్చేస్తే మానేస్తానమ్మా" అంటావు. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలని అంటారు గానీ, జూదంలో ఆ మాట నమ్మితే మునిగిపోవడమే. రౌలెట్ అని ఒక ఆట ఉంది, చక్రం తిప్పి బంతి ఎరుపు గడిలో పడుతుందా నలుపు గడిలో పడుతుందా అని పందెం కాస్తారు. 1913 ఆగస్టు 18న మాంటీ కార్లో జూదశాలలో ఆ బల్ల మీద వరుసగా 26 సార్లు నలుపే పడింది. ఇంతసేపు నలుపు పడింది కాబట్టి ఇక ఎరుపు రాక తప్పదని జనం ఎరుపు మీదే పెంచుకుంటూ పోయి కుప్పలుగా పోగొట్టుకున్నారు. కిందటిసారి ఏం పడిందో ఆ చక్రానికి గుర్తుండదు చిన్నా. వరుసగా పదిసార్లు ఓడావని పదకొండోసారి నీకు ఏమీ కలిసిరాదు. పైగా కొద్దిలో తప్పిపోయినప్పుడు మెదడు దాన్ని ఓటమిగా కాక దాదాపు గెలుపుగా తీసుకుంటుందట. "జస్ట్ మిస్ అయ్యింది" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో గుర్తు తెచ్చుకో.

డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చివాడి ముద్ర వేస్తారని నీ టెన్షన్. అక్కడ చేసేది ఎక్కువగా మాట్లాడటమే. సీబీటీ అనే పద్ధతి ఉంది. ఎప్పుడు ఆడాలనిపిస్తోంది, దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు మనసు ఏం చెప్పి ఒప్పించింది అని ఒక్కోటి విప్పి చూస్తారు. ఆ కోరిక అలలా లేచి దానంతటదే తగ్గుతుందట. అది తగ్గేదాకా ఎలా ఆగాలో నేర్పిస్తారు. దిగులో, తాగుడో కూడా ఉంటే వాటికీ చికిత్స చేస్తారు. కొందరికి మందులు కూడా రాస్తారు. ఖాతాలు కొన్నాళ్లు ఇంకొకరి చేతికి ఇమ్మంటారు, ఆడే చోట్ల నీ అంతట నువ్వే నిషేధం పెట్టించుకోమంటారు. మధ్యలో ఒకసారి జారిపడితే అంతా పోయిందని అనుకోకు. చాలామందికి అవుతుంది, మళ్లీ వెళ్లి చెప్పడమే.

ఇంకొకటి సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? జూదం అప్పుల్లో పడ్డవాళ్లకి అలాంటి ఆలోచనలు ఎక్కువగా వస్తాయని డాక్టరే చెప్పారు. వస్తే ఏ వేళైనా సరే నన్ను లేపు. ఎంత అప్పుందని అప్పుడు అడగను. నిన్ను ఒంటరిగా వదలను, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్దాం.

గురువారం ఉదయం పదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నేనూ వస్తాను, బయట కూర్చుంటాను. లోపల అన్నీ చెప్పు, నాకు చెప్పిన అబద్ధాలతో సహా. బయటికొచ్చాక ఏం మాట్లాడారని నేను అడగను. అప్పుల కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకురా. అవి నువ్వు ఎలా తీర్చుకోవాలో ఆ తర్వాత ముగ్గురం కూర్చుని రాసుకుందాం. మీ నాన్నకి నిన్న రాత్రి అంతా చెప్పేశాను. కోప్పడలేదు. గురువారం సెలవు పెడతానన్నారు.

అమ్మ